మూడున్నర చేతులు: ‘బైజూ బావ్రా’ పాటల మీద ఒక ప్రసంగం

(మా గ్రంథాలయం హాల్లో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప ఇంకేమీ తీసెయ్యలేదు.)

నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే మొహమాటపడకండి, చెయ్యెత్తండి. పాటల గురించి మాట్లాడుతూ వినపడకుండా మాట్లాడితే అంతకంటే పాపం లేదు.

నన్ను ‘బైజూ బావ్రా’ గురించి మాట్లాడమన్నారు. 1952లో వచ్చిన హిందీ సినిమా. ముందు ఒక చిన్న లెక్క తేలుద్దాం. ఈ సినిమా మొదటి నుంచి చివరిదాకా చూసినవాళ్ళు చేతులెత్తండి. ఒకటి... రెండు... మూడు. ఆ మూల ఒకాయన సగం ఎత్తారు. ఇంటర్వెల్ దాకా చూశారా అండీ? సరే, మూడున్నర. ఇప్పుడు ఇందులో రఫీ పాడిన ‘మన్ తడపత్ హరి దర్శన్ కో ఆజ్’ పాట విన్నవాళ్ళు? అదీ! చూడండి, హాలంతా చేతులే. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఈ రెండు లెక్కల గురించే. సినిమా చూసింది మూడున్నర మంది. పాట విన్నది అందరూ. అరవై, డెబ్బై ఏళ్ళు దాటినా ఇదేమిటి?

దీనికి పుస్తకాల్లో ఒక జవాబుంది. శాస్త్రీయ సంగీతాన్ని సామాన్యుడి దగ్గరికి తెచ్చిన సినిమా అని రాస్తారు. నాకు ఆ మాట ఎందుకో నచ్చదు. ఎవరో పైనుంచి కిందికి దించి, పాపం వీళ్ళు కూడా తింటారులే అని పెట్టినట్టుంటుంది. అసలు జరిగింది వేరు. ఎలా వేరో మా ఇంటి సంగతి చెబితే తెలుస్తుంది.

మాది తెనాలి. మా నాన్న బట్టల కొట్లో గుమాస్తా. హిందీ రాదు. సంగీతం అసలే రాదు. ఇంట్లో ఒక రేడియో, దానికి వంటింటి కిటికీలోంచి బయటికి లాగిన ఏరియల్ తీగ. ఆ తీగ మీద మా అమ్మ పొరపాటున తడిగుడ్డ ఆరేసిందంటే ఇంట్లో యుద్ధమే. సాయంత్రం కొట్టు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని రేడియో సిలోన్ పెట్టేవాడు. పక్కింట్లో సంగీతం మాష్టారు ఉండేవారు. పిల్లలకి పాఠాలు చెప్పేవారు. నిష్ఠాపరులు. సినిమా పాట చెవిన పడితే చెవులు కడుక్కునే రకం.

ఒకరోజు పొద్దున మాష్టారు ‘సామజవరగమన’ పాడుకుంటున్నారు. మా నాన్న గడ్డం గీసుకుంటూ, పిట్టగోడ మీంచి తల పెట్టి, ఎంతో సంతోషంగా అడిగాడు: “మాష్టారూ, మీరూ రఫీ పాటలు పాడతారా?”

ఇంకేముంది! “రఫీ ఏమిటయ్యా, రఫీ! త్యాగరాజస్వామి కీర్తన! హిందోళం!” అని ఆయన ఒకటే కేక. “ఏమో మాష్టారూ, సిలోన్లో వేస్తారే, హరి దర్శన్ కో ఆజ్ అని, అచ్చం అలాగే ఉంటేనూ” అన్నాడు మా నాన్న. రెండు రోజులు మాష్టారు మా ఇంటివైపు చూడలేదు.

ఇప్పుడు చెప్పండి, ఇద్దరిలో ఎవరిది రైటు? ఇద్దరిదీ రైటే! హిందుస్తానీలో మాల్‌కౌంస్ అనేదీ, మనం హిందోళం అనేదీ ఒకే స్వరాలు. రి లేదు, ప లేదు. స, గ, మ, ద, ని, ఈ అయిదే. ‘మన్ తడపత్’ మాల్‌కౌంస్. ‘సామజవరగమన’ హిందోళం. మన సినిమాల్లో ‘పగలే వెన్నెల జగమే ఊయల’, సాలూరి రాజేశ్వరరావుగారిది, అదీ హిందోళమే. పాడే తీరు వేరు, గమకాలు వేరు, అక్కడ దాన్ని రాత్రి పొద్దుపోయాక పాడే రాగంగా చూస్తారు. కానీ ఎముకల గూడు ఒకటే. మా నాన్న చూడండి, ఒక్క స్వరం పేరు తెలియనివాడు, ఈ భాష నుంచి ఆ భాషకి, ఈ పద్ధతి నుంచి ఆ పద్ధతికి ఆ గూడుని గుర్తుపట్టేశాడు. ఎవరు నేర్పారు ఆయనకి? ఏ సభలో? ఏ సభా లేదు. రఫీ నేర్పాడు. అదీ పాఠమని చెప్పకుండా నేర్పాడు.

మధ్యలో ఒక హెచ్చరిక. ఇంటికెళ్ళి ఫోన్లో వెతికేవాళ్ళు జాగ్రత్త. వాళ్ళ దగ్గర ‘హిందోల్’ అని ఇంకో రాగం ఉంది. అది మన హిందోళం కాదు. వాళ్ళ తోడి మన తోడి కాదు, మన శుభపంతువరాళి మేళానికి, అంటే ఆ స్వరాల వరసకి, దగ్గర. మన తోడి మేళం వాళ్ళ భైరవికి దగ్గర. పేర్లు పట్టుకుని పోతే పెళ్ళివారింటికి బయల్దేరి పక్కవీధిలో తేలతాం. చెవి పట్టుకుని పోండి.

కథ చెబుతాను, త్వరగా. అక్బర్ ఆస్థానంలో తాన్‌సేన్ ఉన్నాడు. ఆయన ఇంటి దరిదాపుల్లో ఇంకెవరూ పాడకూడదు. ఒక భజన బృందం పాడుకుంటూ వస్తుంది, కాపలావాళ్ళు అడ్డుపడతారు, ఆ గొడవలో బైజూ తండ్రి చనిపోతాడు. పోతూ పోతూ పగ తీర్చమని పిల్లవాడి దగ్గర మాట తీసుకుంటాడు. బైజూ ఒక పడవవాడి ఊళ్ళో పెరుగుతాడు. పడవవాడి కూతురు గౌరి. ప్రేమ. తరవాత బందిపోట్లు, బందిపోట్ల రాణి, అదంతా ఉంది. కత్తితో తాన్‌సేన్‌ని చంపలేవు, పాటతోనే చంపాలి అని తెలుసుకుని బైజూ స్వామి హరిదాసు దగ్గర చేరతాడు. తాన్‌సేన్‌కీ గురువు ఆయనే. మనసులో ద్వేషం ఉన్నంతకాలం పాట రాదు పొమ్మంటాడు గురువు.

ఇక్కడే నాకు ఒక పేచీ ఉంది. నిజమైన బాధ తెలిస్తేగాని నిజమైన గాయకుడు కాలేడు అని గురువుగారు అంటారు. ఆ మాట గౌరి వింటుంది. విని ఏం చేస్తుంది? పాము చేత కరిపించుకుంటుంది! తను పోతే వాడికి బాధ తెలుస్తుంది, పాట పండుతుంది అని. చూశారా దారుణం? పాట బాగుండాలంటే ఆడపిల్ల చావాలా? ముందు వరసలో ఉన్న అమ్మలు నవ్వుతున్నారు. నవ్వండి, నవ్వాల్సిందే. గౌరి చచ్చిపోయిందనుకుని బైజూకి పిచ్చి పడుతుంది. ‘బావ్రా’ అంటే పిచ్చివాడనే. ఆ పిచ్చిలో శివాలయానికి వెళ్ళి ‘ఓ దునియా కే రఖ్‌వాలే’ పాడతాడు. విగ్రహం కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఆ తరవాత తాన్‌సేన్‌తో పోటీ. చివరికి యమునలో వరద, గౌరి కోసం వస్తూ ఈత రాని బైజూ, కాపాడబోయిన గౌరి, ఇద్దరూ మునిగిపోతారు.

చరిత్ర తెలిసినవాళ్ళు ఊరుకోరు, అందుకని ముందే చెబుతున్నాను. ఈ పోటీకి చరిత్రలో ఆధారం వెతక్కండి. బైజూ అనే ధ్రుపద్ గాయకుణ్ణి, అంటే పాతకాలపు హిందుస్తానీ పద్ధతిలో పాడేవాణ్ణి, సంప్రదాయం గ్వాలియర్ రాజు మాన్‌సింగ్ తోమర్ కాలంతో ముడిపెడుతుంది. మాన్‌సింగ్ పోయింది 1516లో. అక్బర్ పుట్టిందే 1542లో. కాబట్టి ఇది జనం కట్టుకున్న కథ. జనం ఎందుకు కట్టుకున్నారు? ఆస్థాన విద్వాంసుణ్ణి ఒక పేరూ ఊరూ లేనివాడు ఓడిస్తే చూడాలని ఎవరికుండదు చెప్పండి?

సినిమా తీసింది విజయ్ భట్. అంతకుముందు ‘రామ్ రాజ్య’ తీసినాయన. అన్న శంకర్ భట్‌తో కలిసి ప్రకాశ్ పిక్చర్స్ అని వాళ్ళ సంస్థ. ఇన్ని రాగాలు పెడితే జనానికి తలనొప్పి వస్తుందని, హాల్లోంచి లేచిపోతారని అన్నదమ్ములు భయపడ్డారట. సంగీత దర్శకుడు నౌషాద్ వినలేదట. ముందు అనుకున్నది దిలీప్‌కుమార్‌నీ నర్గీస్‌నీ అని చెబుతారు. చివరికి వచ్చింది భరత్ భూషణ్, మీనాకుమారి. మీనాకుమారిని చిన్నపిల్లప్పుడు తెరమీదికి తెచ్చింది కూడా ఈ విజయ్ భట్టే, 1939లో.

భరత్ భూషణ్ అభిమానులు ఎవరైనా ఉన్నారా? లేరా? అమ్మయ్య. నిజం చెబుతున్నాను, ఆయన మొహంలో పగకీ ప్రేమకీ భక్తికీ పెద్దగా తేడా కనపడదు నాకు. సినిమా ఇవాళ చూడాలంటే ఓపిక కావాలి. హాస్యం పాతబడిపోయింది. బందిపోట్ల భాగం సాగుతుంది. అయినా అప్పుడు బొంబాయిలో వంద వారాలు ఆడిందంటారు. కంటికి పాతబడింది, చెవికి పాతబడలేదు. కన్ను వేగం మారిపోయింది, ఇప్పుడు రెండు సెకన్లకి షాట్ మారకపోతే మనకి టెన్షన్. చెవి ఇంకా పాత కాలంలోనే ఉంది. దానికి తొందర లేదు.

సరే, పోటీ దగ్గరికి వద్దాం. నాకు ప్రాణం ఇక్కడే. ‘ఆజ్ గావత్ మన్ మేరో ఝూమ్ కే’. దేశీ రాగం. తాన్‌సేన్‌కి పాడింది ఉస్తాద్ అమీర్ ఖాన్, ఇందోర్ ఘరానా, అంటే ఆ గురుపరంపర. బైజూకి పాడింది పండిట్ డి.వి. పలుస్కర్, విష్ణు దిగంబర్ పలుస్కర్ గారి కొడుకు. అమీర్ ఖాన్ గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది, లోతు, నెమ్మది. కచేరీలో ఒక స్వరం దగ్గర కూర్చుంటే లేవడు. పలుస్కర్ గొంతు పాలమీగడ. అలాంటి ఇద్దర్ని తెచ్చి అయిదు నిమిషాల సినిమా పాటలో కూర్చోబెట్టాడు నౌషాద్. ఆ ఉస్తాదు చేత ఓడిపోయేవాడి పాట పాడించాడు! ఇవాళ అడిగి చూడండి ఎవరినైనా, ‘సార్, మీరు ఓడిపోవాలి’ అని.

ఇంకో తమాషా. తెరమీద తాన్‌సేన్ వేసింది సురేంద్ర. ఈయన స్వయంగా గాయకుడు. ఆనాటి పెద్ద గాయకనటుడు సైగల్‌కి బొంబాయి జవాబు అని ఒకప్పుడు పేరు. ‘అన్‌మోల్ ఘడీ’లో తన పాటలు తనే పాడుకున్నాడు. అలాంటివాడు ఇక్కడ నోరు కదిపి ఊరుకున్నాడు. పాడగలిగినవాడు ఇంకొకరి పాటకి పెదవులు కదపడం ఎంత కష్టమో ఆలోచించండి. పలుస్కర్ సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. 1955లో పోయారు, 34 ఏళ్ళకి. ఆయన గ్వాలియర్ పద్ధతి కచేరీలు విన్నవాళ్ళకి ఆయన తెలుసు. వినని లక్షలమందికి ఆయన గుర్తున్నది ఈ అయిదు నిమిషాల వల్ల.

పోటీ ఎలా తేలుతుంది? చలువరాయిని పాటతో కరిగించినవాడిదే గెలుపు. బైజూ కరిగిస్తాడు. ఓడినవాడికి చావు, కానీ తాన్‌సేన్‌ని వదిలెయ్యమని గెలిచినవాడే అడుగుతాడు. పగకోసం బయల్దేరినవాడు పగ తీరేచోటికి వచ్చేసరికి ఆ పగ చేతిలో లేదు. పాడి పాడి ఎక్కడో జారిపోయింది.

రాయి కరగడం అనగానే ఇక్కడ అందరికీ ఒకటి గుర్తురావాలి. ఏమిటి? గట్టిగా చెప్పండి... ఆ, ‘శివశంకరీ’! 1961, ‘జగదేకవీరుని కథ’. పింగళి మాట, పెండ్యాల వరస, ఘంటసాల గొంతు. అక్కడా పాటకి శిల కరగాలి. అది ఏ రాగం? దర్బారీ కానడ. బైజూ గుళ్ళో పాడే ‘ఓ దునియా కే రఖ్‌వాలే’ ఏ రాగం? దర్బారీ. అక్కణ్ణుంచి ఇక్కడికి తెచ్చుకున్నారని నేను అనడం లేదు, అలా అని రేపు వాట్సాప్‌లో పెట్టకండి. దేశంలో ఎక్కడ రాయిని కరిగించాలన్నా దర్బారీనే ఎందుకు తలుపు తడతారో అది ఆలోచించమంటున్నాను.

దర్బారీ గౌరవమంతా కింది స్థాయిలో ఉంటుంది. మంద్రంలో, బరువుగా, గాంధారాన్ని ఊపుతూ. అరిచే రాగం కాదు అది. పెద్దమనిషి గొంతు తగ్గించి మాట్లాడితే ఎలా ఉంటుందో అలా. మరి రఫీ ఏం చేశాడు? మెల్లిగా మొదలుపెట్టి, చరణం చరణానికీ ఎక్కి, ఎక్కి, చివరికి ఆ ‘రఖ్‌వాలే’ అన్న మాటని ఆకాశానికి విసిరేశాడు. పండితుడు తప్పంటాడు. దర్బారీని ఇలాగా పాడేది అంటాడు. కానీ పాడుతున్నది ఎవరు? పిచ్చివాడు. దేవుడి కాలర్ పట్టుకున్నవాడు. పెద్దమనిషిలా మాట్లాడే స్థితిలో ఉన్నాడా వాడు? రాగం మర్యాద ఎక్కడ తప్పాలో నౌషాద్‌కి తెలుసు. ఈ పాట పాడితే రఫీ గొంతులోంచి రక్తం వచ్చిందని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. నేను నమ్మను. అంత బాగా పాడినవాడికి రక్తం కూడా రావాలా మనకి?

అందుకే అన్నాను, ఇది పైనుంచి కిందికి దించడం కాదని. ఈ సినిమాలో రాగం పాఠంగా రాదు, అవసరమై వస్తుంది. గురువు మంచాన పడ్డాడు, లేవలేడు, శిష్యుడు పాడితే లేచి నడవాలి, అక్కడ మాల్‌కౌంస్. గౌరి మరిచిపోయావా అని ఏడుస్తుంది, ‘మోహే భూల్ గయే సావరియా’, లత పాడింది, అక్కడ భైరవ్ ఛాయ. భైరవ్ అంటే మన మాయామాళవగౌళ స్వరాలే. పిల్లలకి సరళీ వరసలు మొదలుపెట్టే రాగం! మనం స రి గ మ అని చెక్కపలక మీద దిద్దించినట్టు దిద్దిస్తామే, అదే స్వరాల్లో ఎంత ఏడుపు ఉందో నాకు ఆ పాట విన్నాక తెలిసింది. ‘తూ గంగా కీ మౌజ్’ భైరవి, పడవ, నది, ప్రేమ. నౌషాద్‌కి 1954లో మొట్టమొదటి ఫిలింఫేర్ సంగీత పురస్కారం ఆ పాటకే వచ్చింది. ఆ ఏడాదే మీనాకుమారికి నటి పురస్కారం. ఉయ్యాల పాట పీలూ. ఎవరికీ పేర్లు చెప్పక్కర్లేదు. కథలో మనిషికి ఏం కావాలో అది రాగంలో ఉంది. వినేవాడు మనిషిని పట్టుకుంటాడు, రాగం దానంతటదే చేతికొస్తుంది.

‘మన్ తడపత్’ గురించి అందరూ ఒక మాట చెబుతారు. రాసింది షకీల్ బదాయూనీ, కట్టింది నౌషాద్, పాడింది రఫీ, ముగ్గురూ ముసల్మానులు, పాట హరి మీద అని. నిజమే. దాని మీద ఉపన్యాసం ఇవ్వను, మీరు బోలెడు విని ఉంటారు. ఒక్కటే అంటాను. వాళ్ళకి అది వింతగా అనిపించి ఉండదు. లక్నోలో పుట్టినవాడికి, బదాయూలో పుట్టినవాడికి, అమృత్‌సర్ పక్క పల్లెలో ఫకీరు పాటలు విని పెరిగినవాడికి ఆ పాట చేతి కింద పని. వింతగా చెప్పుకోవాల్సి వస్తున్నది మనకి.

ఇప్పుడు రేడియో. ఇది చెప్పకపోతే కథ సగమే. 1952లోనే బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రి అయ్యారు. ఆయనకి సినిమా పాట పడదు. జనం శాస్త్రీయ సంగీతం వినాలి, అదీ ఆయన పట్టుదల. ఆ ఏడే ఆకాశవాణిలో జాతీయ సంగీత కార్యక్రమం మొదలైంది. ఇంకోవైపు సినిమా పాటలు తగ్గాయి, నిర్మాతలకీ రేడియోకీ చెడింది, పాటలు దాదాపు మాయమైపోయాయి. జనం ఏం చేశారు? రేడియో ముల్లు తిప్పారు. సముద్రం అవతల కొలంబో, రేడియో సిలోన్. ఆ డిసెంబరులోనే అమీన్ సయానీ ‘బినాకా గీత్‌మాలా’ మొదలైంది. మనవాళ్ళు తేరుకుని వివిధ భారతి పెట్టేసరికి 1957.

ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, మంత్రిగారు ఏ అమీర్ ఖాన్‌ని, ఏ పలుస్కర్‌ని జనం వినాలని తాపత్రయపడ్డారో, ఆ ఇద్దర్నీ జనం అదే ఏడు విన్నారు. టిక్కెట్టు కొనుక్కుని మరీ విన్నారు! ఆయన వద్దన్న సినిమా పాటలో విన్నారు. మందు చేదుగా ఉంటేనే పనిచేస్తుందని కొందరికి నమ్మకం.

ఈ సినిమాని మళ్ళీ తీస్తానని సంజయ్ లీలా భన్సాలీ 2019లో ప్రకటించారు. ఈ మాట అన్నప్పుడల్లా నన్ను అడుగుతారు, ఎలా ఉంటుందంటారు అని. చలువరాయి బాగా కరిగిస్తారు, గ్రాఫిక్స్ ఉన్నాయి కదా. పాటకి కరిగిస్తారా అన్నదే ప్రశ్న.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. మాష్టారి సంగతి చెప్పి ఆపేస్తాను. రెండు రోజులు మాట్లాడలేదన్నానా? మూడో రోజు సాయంత్రం మా నాన్న సిలోన్ పెట్టగానే, మాష్టారు చెంబుతో వచ్చి పిట్టగోడ పక్క తులసికి నీళ్ళు పోయడం మొదలుపెట్టారు. పొద్దున ఒకసారి పోశారు, మేం చూశాం. మర్నాడూ అంతే. మా నాన్న ఏమీ అనలేదు. రేడియో తీసి కిటికీ దగ్గర పెట్టాడు. వారం పదిరోజులు తులసి నీళ్ళలో నానింది. ఒకరోజు వచ్చింది పాట. మాష్టారు చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. అయిపోయాక చాలాసేపటికి, “మొదట్లో హరి ఓం అంటాడే, అది సరిగ్గా వినలేదయ్యా. మళ్ళీ ఎప్పుడు వేస్తాడు?” అన్నారు.

“సిలోన్ వాడి ఇష్టం మాష్టారూ” అన్నాడు మా నాన్న.

ఇవాళ మన ఇష్టం. బాబూ, ఆ పాట పెట్టు. ఒక్క నిమిషం ఆగు, పక్కన ఎవరైనా ఆ ఫ్యాన్లు ఆపండి. మొదలు వినాలి.